రోజుకి 109 రూపాయలు: ఒక ఖైదీ ఇంటి జమాఖర్చు

సత్యవతి నా దగ్గరికి మొదట వచ్చింది భర్త గురించి కాదు, పొద్దున్న ఏడింటికే వచ్చి అరుగు మీద కూర్చునే, మైక్రోఫైనాన్స్ వారం వాయిదాలు వసూలు చేసే కుర్రాడి గురించి. "ఆ అబ్బాయినేం అనకండి సారు, ఆడిదీ ఉద్యోగమే కదా. ఎనిమిది దాటాకా రమ్మనండి, చాలు. అప్పటికి పిల్లలు బడికెళ్ళిపోతారు" అంది. అది 2023 జులై. భర్త రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడన్న మాట బయటికి రావడానికి ఇంకో అరగంట పట్టింది.

పేరు మార్చాను. ఊరు గోదావరి పాయ వైనతేయ అవతల ఒక లంక, అంతకంటే చెప్పను. నేను సహకార బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరయ్యాక పారా లీగల్ వలంటీరుగా, అంటే పేదలకి చట్టం పనుల్లో సాయపడే కార్యకర్తగా తిరుగుతున్నవాణ్ణి. చట్టం కంటే జమాఖర్చు నాకు బాగా వచ్చని నా నమ్మకం. ఈ కేసు రాయడానికి కారణం, సరిగ్గా ఆ జమాఖర్చు దగ్గరే నేను తప్పడం.

భర్త కొబ్బరి దింపు మనిషి. 2019 అక్టోబరులో కూలి పంపకం దగ్గర తోటివాడితో గొడవ, ఒక కర్ర దెబ్బ. ఆ తోటివాడు మూడో రోజున ఆసుపత్రిలో పోయాడు. నాలుగు నెలలు రిమాండు, తర్వాత బెయిలు. 2022 ఫిబ్రవరిలో సెషన్స్ కోర్టు ఐపీసీ 304 రెండో భాగం (చంపాలన్న ఉద్దేశం లేకపోయినా చావుకి కారణం కావడం) కింద నాలుగేళ్ళు వేసింది. అప్పీలుకి వెళ్ళలేదు. ఎందుకని అడిగితే "ఇంక అప్పు పుట్టలేదండి" అంది సత్యవతి.

ఆ ఒక్క మాటలో అయిదేళ్ళ పొరపాటుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరుకుతాడు. 15100కి ఫోన్ చేసినా సరిపోతుంది. వీళ్ళకి ఆ మాట చెప్పినవాళ్ళూ ఉన్నారు. కానీ "ఊరికే వచ్చే వకీలు ఊరికే వదిలేత్తాడు" అని పెద్దమనుషులు అన్నారట. ఆ భయం పూర్తిగా అబద్ధమని నేను అనలేను. మంచివాళ్ళనీ చూశాను, వాయిదాకి రానివాళ్ళనీ చూశాను. అయినా 1,20,000 అప్పు చేసి పెట్టుకున్న వకీలు ఎక్కువేం సాధించాడో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ మొదటి రోజే పిల్లాడి లెక్కల నోటుపుస్తకం వెనక పేజీలో రాయించాను. కొబ్బరి పీచు పనిలో రోజుకి 300, నెలకి పద్దెనిమిది రోజులు, 5,400. అత్తగారి పింఛను అప్పట్లో 2,750. మొత్తం 8,150. కట్టాల్సినవి: ప్రాంసరీ నోటు అప్పు మీద వడ్డీ నెలకి 4,500, వారం వాయిదా 1,100 చొప్పున 4,400, డ్వాక్రా కిస్తీ 1,800. మొత్తం 10,700. బియ్యం కొనకముందే 2,550 లోటు. నాంతాడు 38,000కి తాకట్టులో ఉంది. మెడలో పసుపుతాడు, దానికో పసుపుకొమ్ము.

లోటు ఉన్న ఇల్లు ఏదో ఒకటి ఎగ్గొడుతుంది. ఏది ఎగ్గొడుతోందన్నది చూస్తే ఆ ఇంటి భయం ఎటువైపు ఉందో తెలిసిపోతుంది. నోటు తాలూకు మనిషి ఎదురింటివాడు, వారం కుర్రాడు అరుగు మీదే కూర్చుంటాడు. అందుకని ఎగ్గొట్టింది డ్వాక్రా కిస్తీ. మూడు నెలల బాకీ. సంఘంలో పదిమందీ మొహం తిప్పుకుంటున్నారు.

ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చమనేది బ్యాంకువాడి పాఠం. నేను తిరగేసి చెప్పాను: ముందు సంఘం బాకీ కట్టు. రూపాయి వడ్డీకి డబ్బు పుట్టే తలుపు ఆ ఊళ్ళో అదొక్కటే, అది మూసుకుంటే ఇక జన్మంతా మూడు రూపాయలు, అయిదు రూపాయలే. ఈ కేసులో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఇదే.

ఇక ఆ నోటు కథ. భర్త రాసిచ్చిన అసలు నోటు 1,20,000ది, 2019 అక్టోబరు నాటిది, మూడు రూపాయల వడ్డీ. ప్రాంసరీ నోటుకి గడువు మూడేళ్ళు. వడ్డీ ఇచ్చినప్పుడు నోటు వెనక చెల్లు వేసి, ఇచ్చినవాడు సంతకం పెడితే గడువు అక్కణ్ణుంచి మళ్ళీ మొదలవుతుంది. బెయిలు మీదున్న రెండేళ్ళూ భర్త వడ్డీ ఇచ్చాడు గానీ ఎవరూ చెల్లు రాసుకోలేదు. అతను జైలుకి పోయాక వడ్డీ ఆగింది. గడువు దగ్గరపడుతుంటే, 2022 సెప్టెంబరులో, అప్పిచ్చినాయన నోటు తిరగరాయించాడు, ఈసారి సత్యవతి పేరున. ఏడు నెలల వడ్డీ 25,200, జులై వరదల్లో వాడుకున్న చేబదులు 4,800, అన్నీ అసల్లో కలిపి 1,50,000. అంతదాకా ఆమెకు చట్టప్రకారం ఆ అప్పుతో సంబంధమే లేదు. ఒక్క సంతకంతో తను బాకీదారు అయింది, అసలు పెరిగింది, వడ్డీ కూడా పెరిగింది.

ఇంకో ఏడాది ముందు వచ్చి ఉంటే ఆ సంతకం ఆపేవాణ్ణా? ఆపమనే చెప్పేవాణ్ణి, ఆమె పెట్టేసి ఉండేది. ఎదురింట్లో బతకాల్సిన మనిషికి కాలదోషం పట్టిన నోటు వల్ల ఒరిగేదేమీ లేదు.

పెద్దమనుషుల మధ్య కూర్చున్నాం. అప్పిచ్చినాయన చెడ్డవాడేం కాదు, కొబ్బరి కొట్టు వ్యాపారి, అంబాజీపేట మార్కెట్టుకి సరుకు వేస్తాడు. ఆయన ఒక బేరం పెట్టాడు: "వడ్డీ మొత్తం వదిలేత్తాను. ఆడు బయటికొచ్చాకా బాకీ తీరేదాకా నా తోటల్లోనే దింపాలి, ఇంకెవరికీ ఎల్లకూడదు." అందరికీ నచ్చింది. సత్యవతికి కూడా. నేను ఒప్పుకోలేదు. అప్పుకి బదులుగా నచ్చినచోట పనిచేసుకునే హక్కు వదులుకోవడమంటే అది 1976 చట్టం రద్దు చేసిన వెట్టిచాకిరీయే. ఆ మాట గట్టిగా అన్నాను, ఆయన నొచ్చుకున్నాడు. రెండో కూర్చోడంలో రూపాయిన్నరకి దిగాడు. నెలకి 2,250. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో చెల్లు వేయాలన్నది నేను పెట్టిన షరతు.

వారం కుర్రాడి విషయం సులువుగానే తేలింది. 2022 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలు ఫోన్లు కూడా చేయకూడదు. కుటుంబం కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటేలా మైక్రోఫైనాన్స్ అప్పు ఇవ్వకూడదు. ఈ రెండూ రాసి బ్రాంచికి రెండు ఉత్తరాలు పెట్టాక వాయిదాని సగానికి తగ్గించి గడువు పొడిగించారు. ఇప్పుడు కట్టాల్సినవి 6,250కి దిగాయి. చేతిలో 1,900, రేషను బియ్యం.

వీటి మధ్యలో ఒక సంగతి నేను దాచాను. భర్త పేరున మూడు సెంట్ల ఇంటిస్థలం ఉంది. బావగారు ఒకాయన అది అమ్మించాలని చూస్తున్నాడు. జైల్లో ఉన్నవాడు రిజిస్ట్రారు ఆఫీసుకి రాలేడు కాబట్టి కుదరదని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నిజానికి రిజిస్ట్రేషన్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం ఖైదీ రానక్కర్లేదు, అధికారే జైలుకి వెళ్ళి గానీ, మనిషిని పంపి గానీ వాంగ్మూలం తీసుకోవచ్చు. నేను చెబితే ఆ స్థలం నెలలో పోయేది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సలహా ఇచ్చేవాడు ఇలా చేయొచ్చా అంటే, చేయకూడదనే అంటాను. చేశాను.

పింఛను దగ్గర మాత్రం ఏ దారీ దొరకలేదు. విధవ పింఛను ఉంది, ఒంటరి మహిళ పింఛను ఉంది. జైల్లో ఉన్నవాడి భార్య ఈ రెండిట్లోకీ రాదు. విడిపోయినట్టు కాగితం రాయించుకోమని ఒకరు సలహా ఇచ్చారు. సత్యవతి ఆ మాట నాతో చెప్పి, "చచ్చిపోయినాయన భార్యకి పింఛనొత్తంది సారు. నాకు రాకపోవడమే మంచిది కదండీ" అంది. తర్వాత నేను ఆ ఫారం మాట ఎత్తలేదు.

పిల్లల వైపు నుంచి దారి దొరికింది. మిషన్ వాత్సల్య అనే బాలల సంరక్షణ పథకం కింద స్పాన్సర్‌షిప్, ఒక్కో బిడ్డకి నెలకి 4,000. తల్లిదండ్రులు ఆర్థికంగా, శారీరకంగా పిల్లల్ని చూసుకోలేని స్థితిలో ఉండడం అందులో ఒక అర్హత. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. సత్యవతిది 64,800. అత్తగారిది వేరే రైస్ కార్డు కావడం కలిసొచ్చింది, ఆవిడ పింఛను ఇందులో కలవలేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇద్దరికీ పెట్టాం: ఆదాయ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్, తండ్రి జైల్లో ఉన్నట్టు జైలు ఇచ్చిన కాగితం. కొడుకుది ఆధార్‌లో ఇంటిపేరు తేడా వచ్చి వెనక్కొచ్చింది. కూతురికి ఏడు నెలలకి మంజూరైంది.

ఆ జైలు కాగితం దగ్గర కూతురు ఏడ్చింది. అప్పటికి తొమ్మిదో తరగతి. బళ్ళో నాన్న గల్ఫ్‌లో ఉన్నాడని చెప్పుకుంది. మా వైపు ఇదొక వెసులుబాటు. ప్రతి వీధిలోనూ కువైట్లోనో మస్కట్లోనో ఉన్న మనిషి ఉంటాడు, మూడేళ్ళు కనబడకపోయినా ఎవరూ అడగరు. అర్జీలో బడి హెడ్మాస్టరు సంతకం కూడా కావాలి. ఆ కాగితాల్ని మడిచి, సంతకం చోటు ఒక్కటే కనబడేలా క్లిప్పు పెట్టి తీసుకెళ్ళాను. హెడ్మాస్టరు గారు నా మొహం చూసి, మడత విప్పకుండానే సంతకం పెట్టారు. రూల్ ప్రకారం తప్పే. ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

2024 జులై ఒకటో తారీకున అత్తగారికి పింఛను పెరిగిన బకాయితో కలిపి 7,000 ఒక్కసారే వచ్చింది. ఆ తర్వాత నెలకి 4,000. ఆ ఏడాది చివరికి సంఘం బాకీ పూర్తిగా తీరింది. జైలు కూలిలోంచి భర్త పంపింది మూడేళ్ళలో నాలుగుసార్లు, మొత్తం పదకొండు వేలు. దానికి ఎదురు ములాఖత్తు ఖర్చు: రేవు దాటి, ఆటో ఎక్కి, రావులపాలెంలో బస్సు మారి వెళ్ళిరావడానికి పళ్ళతో కలిపి మూడున్నర వందలు, పోయిన కూలి 300. ఫోన్లో ఈ-ములాఖత్ పెట్టించాను. ఒకసారి మాట్లాడి, ఇంక వద్దంది. "మనిషి చిక్కాడో లేదో ఫోన్లో తెలవదండి."

ఇప్పుడు నా తప్పు.

తీర్పు ప్రతి ట్రంకుపెట్టెలో ఉంది. 2022 జులై వరదలో పెట్టె అడుగు తడిసి, వెనక పేజీలు నాలుగూ అట్టలా అంటుకుపోయాయి. ముందు పేజీలు చదివి, శిక్ష ఎంతో నోటిమాటగా అడిగి తెలుసుకుని వదిలేశాను. 2025 ఏప్రిల్లో ములాఖత్తుకి వెళ్ళినప్పుడు భర్త అన్నాడట, "మే నెల పదికి నా శిక్ష అయిపోతాది, జరిమానా సంగతి సారుని కనుక్కోమను" అని. ఆవిరి పట్టి పేజీలు విడదీశాను. 20,000 జరిమానా, కట్టకపోతే ఇంకో ఆరు నెలలు సాధారణ జైలు. వసూలైన దాంట్లో 15,000 మృతుడి భార్యకి పరిహారంగా ఇవ్వాలి. జరిమానా వకీలు ఫీజులోనే కలిసిందని ఈ ఇంట్లో అనుకున్నారు. అలా కలవదని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళుగా ఈ ఇంటి లెక్క చూస్తున్నవాణ్ణి నేనూ అడగలేదు.

ఇలాంటి కేసుల్లో అందరూ పొరబడే సంగతి ఇంకొకటుంది. రిమాండులో గడిపిన నాలుగు నెలలు అసలు శిక్షలోంచి తీసేస్తారు గానీ, జరిమానా బదులు పడే శిక్షలోంచి తీయరు. రెమిషన్లు (జైల్లో నడవడికి, పనికి ఇచ్చే శిక్ష తగ్గింపు) పోగా మే 10న అసలు శిక్ష ముగిసి, ఆ రోజు నుంచి రెండోది మొదలైంది. నవంబరు 10 దాకా 184 రోజులు.

సత్యవతి అయిదు రూపాయల వడ్డీకి 20,000 తెస్తానంది. నేను అడ్డుపడ్డాను. 2023లో కేంద్ర హోంశాఖ పేద ఖైదీల కోసం ఒక పథకం పెట్టింది. జరిమానా కట్టలేక ఆగిపోయినవాడికి 25,000 దాకా, బెయిలు పూచీ కట్టలేని విచారణ ఖైదీకి 40,000 దాకా అప్పట్లో ప్రభుత్వమే ఇచ్చేది. అవినీతి, మనీలాండరింగ్, మత్తుపదార్థాలు, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులకు వర్తించదు. కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, ఒక జడ్జి ఉండే కమిటీ మంజూరు చేయాలి. తడిసిన తీర్పుకి బదులు సర్టిఫైడ్ కాపీ తెచ్చి, పేదరికం రుజువులు జతచేసి ఫైలు కదిలించాను. కమిటీ కూర్చునే తేదీ ఎవరి చేతిలోనూ ఉండదు కదా. వేచి ఉందామన్నాను.

నా ధైర్యానికి ఇంకో ఆధారం ఐపీసీ 69వ సెక్షన్ (ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 8వ సెక్షన్లో ఉంది). జరిమానా మొత్తం కట్టక్కర్లేదు. గడిపిన రోజుల వంతు పోగా మిగిలింది కడితే చాలు, వదిలేయాలి. చట్టంలోనే ఉదాహరణ ఉంది: వంద రూపాయల జరిమానా, బదులు నాలుగు నెలలు. రెండు నెలలు గడిచేలోపు యాభై కడితే, రెండు నెలలు పూర్తవగానే బయటికి. మన లెక్కలో 20,000ని 184తో భాగిస్తే రోజుకి 109. "రోజు గడిచేకొద్దీ నీ బాకీ 109 తగ్గుతోందమ్మా" అని చెప్పాను. నాకు ఆ లెక్క ఎంతో బాగుందనిపించింది. జూన్‌లో కొడుకు పేరున తల్లికి వందనం 13,000 పడితే, అది జరిమానాకి వేస్తానంది. కూతురి ఇంటరుకి ఉంచమన్నాను.

జులై ఆఖరులో నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. కూతురి చేత రాయించింది.

"రోజుకి నూట తొమ్మిది మిగులుతందన్నారు కదండి. ఆయన బయటుంటే రోజుకి ఏడొందలు తెత్తాడు. వారానికి నాలుగు రోజులే పని దొరికిందనుకోండి. ఇప్పటికి దగ్గరదగ్గర యాభై రోజుల కూలి పోయిందండి."

యాభై ఇంటూ ఏడు వందలు, 35,000. మే నెలలో ఆమె అడిగిన 20,000కి అయిదు రూపాయల వడ్డీ నెలకి వెయ్యి. మూడు నెలలకి మూడు వేలు. నేను అడ్డుపడ్డ అప్పు ఈ పాటికి తీరిపోయి ఉండేది. బ్యాంకులో కూర్చుని వందల మందికి వడ్డీ లెక్క చెప్పినవాణ్ణి, ఇక్కడ పోతున్నది వడ్డీ కాదు కూలి అని చూడలేకపోయాను. పథకం మీద మోజు పడ్డాను. అర్హత ఉంది కాబట్టి రావాలి, వస్తుంది కాబట్టి ఆగాలి. ఇది ఆఫీసు బుద్ధి. ఫైళ్ళకి అది సరిపోవచ్చు. లంకలో రోజుకూలి ఇంటికి సరిపోలేదు.

డబ్బు ఎక్కడిదన్నాను. సంఘంలో తీర్మానం రాయించింది, రూపాయి వడ్డీకి 10,500. బాకీ లేని సభ్యురాలు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆగస్టు 6కి 88 రోజులు గడుస్తాయి, మిగిలిన 96 రోజుల వంతు 10,435. శిక్ష వేసిన కోర్టులో 10,500 కట్టి, రసీదు జైలుకి చేర్చాం. ఆ సాయంత్రమే వదిలారు. కమిటీ ఫైలు ఇక అక్కర్లేదని నేనే రాసిచ్చాను. తొమ్మిది రోజుల తర్వాత, ఆగస్టు 15న, ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం అయింది. మూడేళ్ళు టిక్కెట్టు కొని తిరిగింది ఆమె. ఆ మాటంటే నవ్వింది.

బయటికి రాగానే ఏడొందలూ రాలేదు, ఆ లెక్కలో అదొక్కటీ తప్పింది. మూడున్నరేళ్ళు చెట్టెక్కని కాళ్ళు. మేస్త్రి మొదట పొట్టి చెట్లు ఇచ్చాడు. నేను చూస్తుండగా సగం దాకా ఎక్కి, అక్కడ చెట్టుని కావలించుకుని కాసేపు ఆగిపోయాడు. దిగిపోతాడనుకున్నాను. పైకే వెళ్ళాడు. మొదటి నెల ఎక్కువగా కింద వలుపు పనే, 400. దసరా నాటికి మళ్ళీ దింపు కూలీ పడింది.

ఆఖరి పని అతని బ్యాంకు ఖాతా. రెండేళ్ళు లావాదేవీ లేకపోతే ఖాతా స్తంభిస్తుంది. అతను బతికే ఉన్నాడు కాబట్టి నామినీగా భార్యకి హక్కు రాలేదు, పక్కన లేడు కాబట్టి సంతకం దొరకలేదు. 6,214 రూపాయలు అందులో అలాగే ఉండిపోయాయి. కొత్తగా కేవైసీ ఇస్తే చాలు, తిరిగి తెరవడానికి ఏ రుసుమూ తీసుకోకూడదు. ముగ్గురం వెళ్ళాం. కౌంటరు అమ్మాయి "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?" అంది. అతను సత్యవతి వైపు చూశాడు. "గల్ఫ్‌లోనండి" అంది ఆమె.

మెట్లు దిగుతూ నన్ను వెనక్కి పిలిచి అడిగింది. చనిపోయినతని భార్యకి కోర్టు ఇమ్మన్నది 15,000 కదా, మేం కట్టింది 10,500 కదా, మిగతా 4,500 సంగతేమిటని. వసూలైన జరిమానాలోంచే పరిహారం ఇస్తారు, మిగతాదానికి అతను జైల్లో రోజులు గడిపాడు, చట్టం లెక్క ముగిసిందని చెప్పాను. "ఆవిడ లెక్కలో ముగిసిందాండి?" అంది. చేత్తో పట్టుకెళ్ళి ఇస్తే పాత గొడవ మళ్ళీ రేగుతుందని ఊరి పెద్దలు వద్దంటున్నారు. కోర్టు ద్వారా పంపే వీలుందేమో ఒక వకీలుని అడుగుతానన్నాను. అడిగాను, ఇంకా జవాబు రాలేదు. 6,214లో 1,700 తీసి వాడుకున్నారు. మిగతాది ఖాతాలోనే ఉంది.